నీళ్ళ తోవ – పెరిగే నగరం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)





నాకిచ్చిన అంశం 'పెరుగుతున్న నగరం – నిర్మాణ పనులు'. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. పక్కన బిర్యానీ దమ్ము మీదుందని కార్యదర్శి తమ్ముడు ఇప్పుడే చెవిలో చెప్పాడు కాబట్టి సమయం దాటను.

నేను 1974లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. అప్పటికి మన ఊరు ఊరే. హైదరాబాదుకు పోవడాన్ని 'పట్నం పోవుడు' అనేవాళ్ళం. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్ళం. వస్తూ తెచ్చిన ఉస్మానియా బిస్కెట్ల పొట్లం కోసం వాకిట్లో పిల్లలు కాచుకొని ఉండేవారు. ఆ తర్వాత మనం పట్నం పోయే పని లేకుండా పట్నమే మన మీదికి వచ్చింది. 2007లో పాత నగరపాలక సంస్థలో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న నగరం ఒక్క ఉత్తర్వుతో 600 దాటింది. మనం నిద్రలేచేసరికి నగరవాసులమైపోయాం. చిరునామా మారింది, ఇంటి పన్ను మారింది, ఎకరాల్లో చెప్పుకునే భూమిని గజాల్లో చెప్పుకోవడం మొదలైంది.

ఇందులో ఏడవాల్సింది ఏమీ లేదు. మన ఊరు అట్లాగే ఉండిపోయి ఉంటే ఈ సభలో సగంమందికి ఉద్యోగాలు ఉండేవి కావు. మొన్న మియాపూర్‌లో మా అమ్మాయి ఇంటి నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో గంటలోపే వచ్చాను. 29 కిలోమీటర్లు. ఆ దూరాన్నే నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు జీపులో రెండు గంటలు ప్రయాణించేవాణ్ణి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు లేకపోతే ఇవాళ లారీలన్నీ మన బడి ముందు నుంచే పోతుండేవి. కాబట్టి కట్టడాలకు వ్యతిరేకంగా మాట్లాడతానని ఎవరూ అనుకోకండి. ముప్పై ఏడేళ్ళు సిమెంటు, కంకరతోనే బతికినవాణ్ణి. ఆ కూడు తిన్నవాణ్ణి.

అయితే కట్టేటప్పుడు మనం ఒకదాన్ని అడగడం మరిచిపోతున్నాం. ఇక్కడి నుంచి నీళ్ళు ఎటు పోతాయి? నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే.

ముందు కొంచెం చరిత్ర. పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి చెప్పాలి.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఆ వరదలో సుమారు 15 వేలమంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు.

మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఏం చేశారో ఇంజనీరింగ్ చదివే ప్రతి పిల్లవాడూ తెలుసుకోవాలి. వరద వచ్చింది నగరంలో. ఆయన మాత్రం నగరం వదిలి పైకి వెళ్ళి చూశారు. మూసీకి నీరు తెచ్చే పరీవాహక ప్రాంతమంతా లెక్క తీశారు. అందులో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని తేల్చారు. ఒక చెరువు తెగి కింది చెరువు మీద పడుతుంది, అది తెగి దాని కిందిదాని మీద పడుతుంది. గొలుసుకట్టు చెరువుల బలమూ అదే, బలహీనతా అదే. నగరంలో గోడలు కడితే సరిపోదు, పైన నీటిని నిలిపి మెల్లగా వదలాలి అన్నారు. ఆ సలహా మీదే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈ మధ్యలో 1912లో నగరాభివృద్ధికి ప్రత్యేకంగా ఒక బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీల్లో వెడల్పాటి వీధులు, మార్కెట్లు, కొత్త ఇళ్ళు ఆ బోర్డు హయాంలోనే వచ్చాయి.

నగర నిర్మాణమంటే ఇదీ. ముందు నీళ్ళ సంగతి తేల్చారు, ఆ తర్వాతే మిగతాది కట్టారు.

మనం ఆ వరసను తిరగేశాం. మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు లేదు. నల్లకుంటలో కుంట లేదు. పేర్లు మాత్రం మిగిలాయి, అవే సాక్ష్యం. మన ఊరి కుంట కింద వెలిసిన కాలనీకి ఆ పేరు కూడా దక్కలేదు. 'గ్రీన్' అనీ 'వ్యాలీ' అనీ ఏదో పెట్టారు. వ్యాలీ అంటే లోయ. పేరు పెట్టినవాళ్ళు తెలియకుండానే నిజం చెప్పారు.

2000 ఆగస్టులో ఒక్క రోజులో బేగంపేట దగ్గర 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో బేగంపేటలో 19, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు నమోదైంది. కనీవినీ ఎరగని వాన అని అందరం అన్నాం. 1908లో శంషాబాద్ దగ్గర ఒక్క రోజులో 12.8 అంగుళాలు పడింది. అదీ 32 సెంటీమీటర్ల పైమాటే. అంటే ఆ వాన మనకు కొత్త కాదు, ఈ నేలకూ కొత్త కాదు. అది పోయే తోవ మాత్రం లేకుండా పోయింది.

ఇప్పుడు ఇరవై నిమిషాల్లో నాకు బరువైన భాగం వచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక శ్రావణంలో మన ఊరి చెరువు అలుగు పోసింది. లెక్కల సారు క్లాసంతటినీ చెరువు కట్ట మీదికి తీసుకుపోయారు. అలుగు కాలువ వెడల్పు కొలవమన్నారు. ఎనిమిది అడుగులు. వెదురుకర్ర దించి లోతు చూడమన్నారు. రెండడుగులు. కాలువ గట్టు మీద పది గజాల దూరాన రెండు గుర్తులు పెట్టి, వేపపుల్ల నీళ్ళలో వేసి, ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టమన్నారు. పది లెక్కపెట్టేసరికి పుల్ల రెండో గుర్తు దాటింది. పది గజాలంటే ముప్పై అడుగులు. సెకనుకు మూడడుగులు. ఎనిమిదిని రెండుతో, దాన్ని మూడుతో గుణిస్తే నలభై ఎనిమిది. సెకనుకు నలభై ఎనిమిది ఘనపుటడుగులు. దాన్నే క్యూసెక్కులంటారని ఆ రోజే తెలిసింది. పైన తేలే పుల్ల కంటే లోపలి నీళ్ళు కాస్త నెమ్మదిగా పోతాయని, కొంత తరుగు తీయాలని కూడా సారే చెప్పారు. తరుగు పోను నలభై. నోటుబుక్కులో రాసుకున్నాను. సివిల్ ఇంజనీర్ కావాలన్న ఆలోచన ఆ గట్టు మీదే పుట్టింది.

వెనక్కి వస్తుంటే సారు ఒక మాటన్నారు. "నీళ్ళకు తోవ మనం ఇడిస్తే మంచిదే. ఇడువకుంటే అదే చూసుకుంటది. అప్పుడు మనింట్లకెళ్ళి పోతది."

పదిహేడేళ్ళ తర్వాత, 1989లో, అదే అలుగు కాలువ మీద ఒక లేఅవుట్ ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. నేను పనిచేసిన ఆఫీసు పేరు చెప్పను. అది ఎక్కడైనా జరిగేదే, తప్పులో నా వాటాను ఆఫీసు మీదికి తోయడం నాకిష్టం లేదు. కాలువను మూసి, పైపు వేసి, పైన ముప్పై అడుగుల రోడ్డు వేస్తామని ప్రతిపాదన. నేను లెక్క కట్టాను. 1200 మిల్లీమీటర్ల పైపు కావాలని తేలింది. పై అధికారి చూసి, "900 పైపులు సిద్ధంగా ఉన్నాయి కదా, అవే వేయనీ. కుంట ఎన్నడన్న నిండుతుందా?" అన్నారు. నిజమే. అంతకుముందు కొన్నేళ్ళు వానలు తక్కువ. కుంటలో తుమ్మచెట్లు మొలిచాయి. 'కాలువ ప్రస్తుతం వాడుకలో లేదు' అని ఫైలు మీద రాసి ఉంది. నేను సంతకం పెట్టాను.

1200కు 900 అంటే పావువంతే కదా తగ్గింది అనిపిస్తుంది. అది వ్యాసంలో తగ్గుదల. పైపు మోసే నీళ్ళు అట్లా తగ్గవు. అదే వాలులో వ్యాసం పావువంతు తగ్గితే పోయే నీళ్ళు సగం కంటే ఎక్కువ తగ్గిపోతాయి. ఆ వాలులో 1200 పైపు సుమారు 69 క్యూసెక్కులు మోస్తుంది. 900 పైపు 32 క్యూసెక్కులకు మించి మోయదు. వేపపుల్లతో పిల్లలం కొలిచిన మామూలు శ్రావణపు అలుగే తరుగు పోను 40. ఆ అంకె నా దగ్గరే, నా ట్రంకు పెట్టెలో, నా చేతిరాతలోనే ఉంది. ఏ ప్రయోగశాలకూ పోనక్కర్లేదు. ఫైలు మీద ఒక్క వాక్యం, 'ఈ పైపు చాలదు' అని రాస్తే చాలు. ఉద్యోగం పోయేది కాదు. మహా అయితే బదిలీ అయ్యేది. రాయలేదు.

2020 అక్టోబర్ 13 రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. అప్పటికి రిటైరై మూడేళ్ళు. చేసింది నా బెంచీ మిత్రుడు. ఇక్కడే మూడో వరసలో కూర్చున్నాడు. చెప్పమని తనే అనుమతి ఇచ్చాడు. ఆ కాలనీలో 1996లో అప్పు చేసి 150 గజాలు కొని ఇల్లు కట్టుకున్నాడు. "నీళ్ళు మంచం మీదికొచ్చినయ్‌రా, అమ్మను బల్లమీద కూసోబెట్టిన, ఎటు పోవాల్నో చెప్పు" అన్నాడు. నేను ఇంజనీర్ని కాబట్టి నాకు ఫోన్ చేశాడు. ఆ పైపు మీద సంతకం ఎవరిదో వాడికి తెలియదు. మేడ ఉన్న పక్కింటివాళ్ళు వాళ్ళను పైకి తీసుకున్నారు. ప్రాణాలు దక్కాయి. పెళ్ళి ఫోటోలు, సర్టిఫికెట్లు, వాళ్ళమ్మ మందులు, నాలుగు నెలల బియ్యం పోయాయి. వారం తర్వాత బురద ఎత్తడానికి వెళ్ళినప్పుడు వాడికి విషయం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పార నా చేతికిచ్చి, "అయితే నువ్వు ఎక్కువ ఎత్తాలె" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఎత్తాను.

ఈ సంగతి ఇంత పెద్ద సభలో ఎందుకు చెబుతున్నానంటే, వరద వచ్చినప్పుడల్లా 'అధికారులు', 'రాజకీయాలు', 'బిల్డర్లు' అని వేలు చూపిస్తాం. అందులో నిజం ఉంది. అయితే ఆ మాటల వెనక నాలాంటి మామూలు మనుషులున్నారు. చెడ్డవాళ్ళేమీ కాదు. తెలిసిన ఒక్క అంకెను సమయానికి చెప్పనివాళ్ళు.

ఇప్పుడు ఆ బాధ్యత మీ చేతికి కూడా వచ్చింది. 2020 చివర్లో టీఎస్-బీపాస్ వచ్చాక 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తోంది. మంచి పద్ధతి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. అయితే నా స్థలం చెరువులో లేదు, నాలా మీద లేదు అని రాసిచ్చేది ఇప్పుడు మీరే. ఆనాడు నేను పెట్టిన సంతకం ఇవాళ మీరు పెడుతున్నారు.

అందుకని స్థలం కొనేముందు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే పదాలు ప్రతి ఇంటా వినిపిస్తున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు అలుగు మట్టం దాకా నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే హద్దు. ఎండాకాలంలో నీళ్ళు కనబడే హద్దు కాదు. దాని అవతల, 2012 భవన నిబంధనల ప్రకారం, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటే వెడల్పయిన నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. మధ్యవర్తి చూపించే రంగుల బ్రోచరులో ఇవి ఉండవు. పాత గ్రామ నక్షాలో ఉంటాయి, పహాణీలో 'శిఖం' అన్న ఒక్క మాటలో ఉంటాయి. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు మించినా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదై ఉండాలి. అది చూడండి. కానీ అంతటితో ఆగకండి. ఆ వాడలో డెబ్బై ఏళ్ళు దాటిన ముసలాయన్ని ఒకర్ని పట్టుకొని, "పెద్దాయనా, ఇక్కడ మునుపు ఏముండె?" అని అడగండి. ఆయన దగ్గరున్న సమాచారం ఏ కంప్యూటర్‌లోనూ దొరకదు.

పెద్ద ప్రాజెక్టుల దగ్గరా ఇదే ప్రశ్న. ఎత్తయిన కట్ట మీద పోయే ఏ రోడ్డైనా నీళ్ళకు అడ్డంగా వేసిన చెరువు కట్టలాంటిదే. కింద సరిపడా కల్వర్టులుంటేనే అది రోడ్డు. ఒక కూడలిలో ఫ్లైఓవర్ కడితే వాహనాలు ఆ కూడలి దాటి తర్వాతి కూడలిలో ఆగుతాయి. నీళ్ళు కూడా అంతే. ఒక బస్తీలో నాలా వెడల్పు చేసి కింది బస్తీలో చేయకపోతే మునక మాయం కాలేదు, చోటు మారిందంతే. ఇప్పుడు రెండో దశ మెట్రో అంటున్నారు, రీజినల్ రింగ్ రోడ్డు అంటున్నారు, మూసీ పునరుజ్జీవనం అంటున్నారు. కావాలి. ఏ ప్రతిపాదన పేపర్లో వచ్చినా మన మొదటి ప్రశ్న 'మన దగ్గర గజం ఎంత పెరుగుతుంది' అన్నది కాకూడదు. నీళ్ళు ఎటు పోతాయి, నడిచేవాళ్ళు ఎటు నడుస్తారు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఎక్కడికి పోతారు, కట్టాక పూడిక తీసేది ఎవరు? ఈ నాలుగూ అడగడానికి ఇంజనీరే కానక్కర్లేదు.

ఇక చివరి విషయం. నేను దీనికోసమే ఒప్పుకొని వచ్చాను.

మన సంఘం స్వర్ణోత్సవ కానుకగా ఒక ప్రతిపాదన చేసింది. బడి మైదానం వానకాలంలో చిత్తడి అవుతోంది, 2020లో రెండు రోజులు మోకాళ్ళ లోతు నీళ్ళు నిలిచాయి, కాబట్టి మూడడుగులు మట్టి పోసి ఎత్తు చేసి, మొత్తం సిమెంటు కాంక్రీటు వేసి, ఒక పక్క కొత్త తరగతి గదులు కడదామని. విరాళాలు కూడా దాదాపు పోగయ్యాయి. దీని వెనక ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. అమెరికా నుంచి, దుబాయ్ నుంచి మన తమ్ముళ్ళు పంపిన డబ్బు అది. అందుకే చెప్పడానికి మొహమాటపడుతున్నాను. కానీ ఒకసారి మొహమాటపడి ఏం చేశానో మీకు ఇప్పుడే చెప్పాను.

మన మైదానం రెండెకరాలు. ఈ చుట్టుపక్కల అన్నిటికంటే పల్లం. పాత అలుగు కాలువ దీని పడమటి గోడ వారగానే పోయేది. అందుకే 2020లో నీళ్ళు ఇక్కడ ఆగాయి. రెండెకరాల్లో అడుగున్నర లోతు నీళ్ళంటే సుమారు 37 లక్షల లీటర్లు. మన ఇళ్ళకు వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 740. ఆ రెండు రోజులూ మన మైదానం 740 ట్యాంకర్ల నీళ్ళను తన ఒళ్ళో పట్టుకొని కూర్చుంది. మనం దాన్ని ఎత్తు చేస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయి?

బడి వెనక గోడ అవతల బస్తీలోకి పోతాయి. రేకుల ఇళ్ళు, ఒక్కో గది. నిజం చెప్పుకుందాం. మనలో ఎంతమంది పిల్లలు ఈ బడిలో చదువుతున్నారు? ఇప్పుడు ఇక్కడ చదివే పిల్లలు చాలామంది ఆ బస్తీ నుంచే వస్తారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ ఇల్లూ అక్కడే. పగలు ఆ పిల్లలు కూర్చోవడానికి పొడి నేల ఇచ్చి, రాత్రి వాళ్ళు పడుకునే చోటికి నీళ్ళు పంపిస్తామా? పైగా కాంక్రీటు వేస్తే ఇంకేది కూడా ఇంకదు. పది సెంటీమీటర్ల వానకు ఈ రెండెకరాల మీదే 8 లక్షల లీటర్లు పడుతుంది. మట్టి నేల అందులో కొంతైనా తాగుతుంది. కాంక్రీటు తాగదు.

వద్దని చెప్పి ఊరుకోను. ప్రత్యామ్నాయం తయారుచేసి తెచ్చాను, డ్రాయింగులు కార్యదర్శికి ఇచ్చాను. మైదానం మట్టం ఇంచి కూడా పెంచొద్దు. కొత్త గదులు స్తంభాల మీద లేపుదాం. కింద ఎండాకాలం పిల్లలు భోజనం చేస్తారు, వానకాలం నీళ్ళు వచ్చిపోతాయి. కరెంటు బోర్డులు, స్టోర్ రూము, మరుగుదొడ్లు అన్నీ పైమట్టానికి ఎక్కిద్దాం. పడమటి గోడ వారగా పాత కాలువను మళ్ళీ తవ్వి, రాతికట్టు కట్టి, పైన జాలీ వేద్దాం. మైదానం మూలల్లో రెండు పెద్ద ఇంకుడు గుంతలు, వాటి ముందు బురద ఆగే తొట్లు. చిత్తడికి మందు మట్టి పోయడం కాదు, వాలు సరిచేయడం. ఖర్చు లెక్క వేశాను. మట్టికి, కాంక్రీటుకు అనుకున్న డబ్బులోనే ఇది అవుతుంది. పర్యవేక్షణ నాది. రోజూ వస్తాను, ఎలాగూ పెన్షన్ తీసుకుంటూ ఖాళీగానే ఉన్నాను.

రెండోది, కాలనీ రోడ్డు కింద ఉన్న ఆ 900 పైపు. అది ఇంకా అక్కడే ఉంది. దాన్ని తీసి పెట్టె కల్వర్టు కట్టాలని నేను రెండు దరఖాస్తులు ఇచ్చాను. ఒక్కడి దరఖాస్తు ఫైలులో అడుక్కి పోతుంది. యాభై ఏళ్ళ సంఘం లెటర్‌హెడ్ మీద, మీ అందరి సంతకాలతో వెళ్తే పైకి వస్తుంది. మన సంఘంలో లాయర్లున్నారు, పత్రికల వాళ్ళున్నారు, కార్పొరేషన్‌లో పనిచేస్తున్న చెల్లెళ్ళున్నారు. కాగితం బయట బల్ల మీద పెట్టాను. మొదటి సంతకం నా మిత్రుడిది, రెండోది నాది. ఆ పైపు మీద నేను పెట్టిన సంతకానికి ఇదే జవాబు.

పిల్లలూ, మీకొక్క మాట. వచ్చే శ్రావణంలో మంచి వాన పడితే మైదానంలోకి నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో, ఎటు పోతున్నాయో చూడండి. ఒక కర్ర, ఒక వేపపుల్ల చాలు. కొలిచి తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. ఆ నోటుబుక్కు పారేయకండి. రేపు మీలో ఎవరో ఒకరు ఏదో ఒక ఫైలు ముందు కూర్చుంటారు. ఆ అంకె అప్పుడు అవసరమవుతుంది. అవసరమైనప్పుడు పైకి చదవండి.

సారూ, తొమ్మిదో తరగతిలో మీరిచ్చిన లెక్క చేశాను గానీ, దాన్ని వాడాల్సినచోట వాడలేదు. ముప్పై ఆరేళ్ళు ఆలస్యమైంది. ఇవాళ మీ ముందు అప్పజెబుతున్నాను. తప్పులుంటే దిద్దండి.

 భోజనానికి వెళ్ళే దారిలోనే బల్ల ఉంది, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళండి.